ఎల్ సాల్వడార్ సంఘీభావ ఉద్యమము

ఎల్ సాల్వడార్ సంఘీభావ ఉద్యమము అనగా మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశములో 1980 నుండి 1992 వరకు జరిగిన అంతర్యుద్ధ కాలములో, ఆ దేశ ప్రజలకు అండగా ఇతర దేశాల పౌరులు, ముఖ్యముగా అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరులు, తమ తమ ఊళ్ళలోను, పేటలలోను, చర్చిలలోను నడిపిన కార్యక్రమాల సముదాయము. ఈ ఉద్యమానికి ఒకే నాయకుడు గాని, ఒకే కేంద్ర కార్యాలయము గాని లేవు. శరణార్థులకు చర్చిలలో ఆశ్రయము ఇచ్చినవారు, సైనిక సహాయాన్ని ఆపమని తమ ప్రతినిధులపై ఒత్తిడి తెచ్చినవారు, యుద్ధ ప్రాంతములోని పల్లెలతో తమ ఊరికి బంధము కలిపినవారు, ఓడలలోకి సరకు ఎక్కించడానికి నిరాకరించిన రేవు కార్మికులు – వీరందరినీ కలిపి ఈ పేరుతో వ్యవహరిస్తారు. తమ ప్రభుత్వ ధనముతో నడుస్తున్న యుద్ధములో తమకూ బాధ్యత ఉన్నదనే భావన వీరందరికీ సమానము.

నేపథ్యము

ఎల్ సాల్వడార్ సుమారు 21,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల చిన్న దేశము. స్పానిష్ భాషలో ఈ పేరుకు "రక్షకుడు" అని అర్థము. 19వ శతాబ్దము చివరలో కాఫీ సాగు విస్తరించినపుడు గ్రామాల ఉమ్మడి భూములను చట్టము ద్వారా రద్దు చేశారు. మంచి భూమి కొద్ది కుటుంబాల పరమైంది. 1932లో తలెత్తిన రైతుల తిరుగుబాటును సైన్యము అణచివేసినపుడు వేల మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆదివాసులు. ఆ తరువాత 1979 వరకు సైనికాధికారులే దేశాన్ని పాలించారు.

1980వ సంవత్సరము ఈ చరిత్రలో ఒక మలుపు. ఫిబ్రవరిలో రాజధాని శాన్ సాల్వడార్ ఆర్చిబిషప్పు ఆస్కార్ రొమేరో, తమ దేశ సైన్యానికి సహాయము చేయవద్దని కోరుతూ అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు బహిరంగ లేఖ రాశాడు. మార్చి 24న ఒక ఆసుపత్రి ప్రార్థనామందిరములో పూజ జరుపుతుండగా హత్యకు గురయ్యాడు. మే 14న హోండురాస్ సరిహద్దులోని సుంపుల్ నది వద్ద, పారిపోతున్న గ్రామస్థులలో కనీసము 300 మందిని సైనికులు, పారామిలిటరీ దళాలు కలిసి చంపాయి. అక్టోబరులో గెరిల్లా సంస్థలు కలిసి ఫరాబుందో మార్తీ జాతీయ విమోచన ఫ్రంటు (ఎఫ్.ఎం.ఎల్.ఎన్.)గా ఏర్పడ్డాయి. డిసెంబరు 2న అమెరికాకు చెందిన నలుగురు క్రైస్తవ సేవికలను – మారా క్లార్క్, ఈటా ఫోర్డ్, డొరోతీ కేజెల్, జీన్ డోనోవన్ – నేషనల్ గార్డు సైనికులు అపహరించి చంపారు. వీరిలో చివరి ఇద్దరూ ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండ్ డయోసిస్ పంపిన బృందములోని వారు. ఎక్కడో ఉన్న దేశపు యుద్ధము అమెరికాలోని సాధారణ చర్చి సభ్యుల ఇళ్ళలోకి వచ్చింది ఈ హత్యలతోనే అని చెప్పవచ్చును.

కార్టర్ కొద్ది వారాలు సహాయము నిలిపివేసి 1981 జనవరిలో తిరిగి ప్రారంభించాడు. తరువాత వచ్చిన రోనాల్డ్ రీగన్ దానిని అనేక రెట్లు పెంచాడు. యుద్ధకాలములో ఆర్థిక, సైనిక సహాయము రెండూ కలిపి సగటున రోజుకు పది లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. యుద్ధము మొత్తము మీద సుమారు 75,000 మంది చనిపోయారు. లక్షలాది మంది దేశము విడిచి పోయారు.

మానవ హక్కుల పరిస్థితి మెరుగుపడుతున్నదని ఆరు నెలలకు ఒకసారి అధ్యక్షుడు ధృవీకరించితేనే సైనిక సహాయము కొనసాగాలని అమెరికా కాంగ్రెసు 1981లో నిబంధన పెట్టింది. అమెరికా శిక్షణ పొందిన అట్లకాత్ల్ బెటాలియన్ అదే సంవత్సరము డిసెంబరులో ఎల్ మోసోతే గ్రామములోను, చుట్టుపక్కల పల్లెలలోను వెయ్యి మంది వరకు గ్రామస్థులను చంపింది. ఈ వార్తను రేమండ్ బానర్, అల్మా గియెర్మోప్రియేతో అనే విలేఖరులు 1982 జనవరి 27న రెండు ప్రముఖ దినపత్రికలలో వెల్లడించారు. మరునాడే అధ్యక్షుడి ధృవీకరణ కాంగ్రెసుకు చేరింది. ప్రభుత్వ వర్గాలు విలేఖరుల కథనాలను తక్కువ చేసి మాట్లాడాయి. పదేళ్ళ తరువాత, 1992లో, అక్కడి చర్చి పక్కనున్న ఒక చిన్న కట్టడములో జరిపిన తవ్వకాలలో కనీసము 143 మంది అవశేషాలు బయటపడ్డాయి. వారిలో 131 మంది పన్నెండేళ్ళ లోపు పిల్లలు. ప్రభుత్వము చెప్పే మాటను నమ్మలేని స్థితిలో, ఆ దేశము నుండి వచ్చినవారిని నేరుగా అడిగి తెలుసుకోవాలనే కోరిక అనేక ఊళ్ళలో పుట్టింది.

తొలి సంఘాలు

1980 అక్టోబరులో లాస్ ఏంజెలెస్, వాషింగ్టన్ నగరాలలో జరిగిన సమావేశాల ఫలితముగా "ఎల్ సాల్వడార్ ప్రజలతో సంఘీభావ సమితి" ఏర్పడింది. ఆంగ్ల పేరులోని అక్షరాలను బట్టి దీనిని సిస్పెస్ అంటారు. దీనికి అనేక ఊళ్ళలో, విశ్వవిద్యాలయాలలో శాఖలు ఏర్పడ్డాయి. ఎల్ సాల్వడార్ సైన్యానికి వెళ్ళే సరకును తమ సభ్యులు ముట్టరని పశ్చిమ తీర రేవు కార్మికుల సంఘము 1980 డిసెంబరులోనే ప్రకటించింది.

అమెరికన్ల గురించి రాసే పుస్తకాలు ఎక్కువగా ఉండటము వలన ఇది అమెరికన్ల దయాగుణము నుండి పుట్టిన ఉద్యమమనే అభిప్రాయము ప్రచారములో ఉంది. అది సగము నిజమే. తొలి సంఘాలను ప్రోత్సహించినవారిలో, మాట్లాడవలసిన సంగతులు సమకూర్చినవారిలో ఎల్ సాల్వడార్ నుండి వచ్చిన శరణార్థులు, విద్యార్థులు, కార్మిక సంఘాల కార్యకర్తలు ఉన్నారు. సరైన పత్రాలు లేక, తిరిగి పంపివేస్తారనే భయముతో చాలామంది తెర వెనుకనే ఉండిపోయారు. శరణార్థులకు న్యాయ సహాయము కోసము 1981లో వాషింగ్టన్‌లోను, 1983లో లాస్ ఏంజెలెస్‌లోను ఏర్పడిన కారెసెన్ అనే సంస్థలు ఇప్పటికీ పని చేస్తున్నాయి.

చర్చిలలో ఆశ్రయము

1980 జూలైలో ఆరిజోనా ఎడారిలో సరిహద్దు దాటుతున్న ఒక సాల్వడార్ బృందాన్ని దారి చూపేవారు విడిచిపోగా, 13 మంది దాహముతో చనిపోయారు. బతికినవారికి టూసాన్ నగరములోని చర్చిలు సహాయము చేశాయి. సైన్యానికి, హంతక ముఠాలకు భయపడి పారిపోయి వచ్చినవారిని కూడా అమెరికా ప్రభుత్వము "ఉపాధి కోసము వచ్చినవారు"గానే పరిగణించేది. తన సహాయముతో నిలబడిన ప్రభుత్వము తన ప్రజలనే వేధిస్తున్నదని ఒప్పుకోవడము దానికి ఇబ్బందికరము. 1984లో సాల్వడార్ వాసుల ఆశ్రయ దరఖాస్తులలో ఆమోదము పొందినవి నూటికి మూడు కూడా లేవు.

టూసాన్ సమీపములో పశువులను పెంచిన జిమ్ కార్బెట్ అనే క్వేకరు 1981లో శరణార్థులను తన ఇంట ఉంచుకోవడము మొదలుపెట్టాడు. సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టరు జాన్ ఫైఫ్ అతనితో చేయి కలిపాడు. రొమేరో రెండవ వర్ధంతి అయిన 1982 మార్చి 24న ఆ చర్చి తనను శరణార్థులకు ఆశ్రయ స్థలముగా బహిరంగముగా ప్రకటించుకొని, ఆ సంగతి ప్రభుత్వానికి లేఖ ద్వారా తెలిపింది. అదే రోజున కాలిఫోర్నియాలోని బర్క్లీ పరిసరాలలో కొన్ని చర్చిలు కూడా ఇలాగే ప్రకటించాయి. తరువాతి నాలుగైదేళ్ళలో చర్చిలు, యూదుల సినగాగులు కలిపి కొన్ని వందల ప్రార్థనాస్థలాలు ఇందులో చేరాయి. బర్క్లీ, కేంబ్రిడ్జి (మసాచుసెట్స్), టకోమా పార్కు (మేరీలాండ్) వంటి నగరపాలక సంస్థలు 1985లో ఈ మేరకు తీర్మానాలు చేశాయి.

ఈ చర్చిలలో శరణార్థులు ముఖానికి రుమాలు కట్టుకొని సభ్యుల ఎదుట తమ కథ చెప్పేవారు. స్వదేశములో ఉన్న బంధువులకు హాని కలుగకుండా ఈ జాగ్రత్త. ముఖము కనబడని మనిషి, దుబాసీ గొంతు ద్వారా, పోయిన బిడ్డల పేర్లు చెబుతుంటే విన్నవారిలో రాజకీయాల జోలికి ఎన్నడూ పోనివారు అనేకులు. ఈ సాక్ష్యాలే ఉద్యమానికి అసలు బలము.

అయితే ఉద్యమములో ఒక తీవ్రమైన భేదాభిప్రాయము కూడా వచ్చింది. ప్రమాదములో ఉన్న ఎవరికైనా, వారి రాజకీయాలు అడగకుండా, ఆశ్రయము ఇవ్వాలని టూసాన్ వారు వాదించారు. యుద్ధానికి కారణమైన అమెరికా విధానాన్ని మార్చడమే లక్ష్యము గనుక, బహిరంగముగా మాట్లాడగల శరణార్థులకు ప్రాధాన్యము ఇవ్వాలని చికాగోలోని మత సంస్థల కార్యవర్గము వాదించింది. ఈ వివాదము పూర్తిగా తేలలేదు.

ప్రభుత్వము ఈ సమావేశాలలోకి వేగులను పంపి, రహస్యముగా సంభాషణలు రికార్డు చేయించింది. 1985 జనవరిలో 16 మందిపై నేరారోపణ జరిగింది. చివరకు 11 మందిపై విచారణ నడిచింది. ఎల్ సాల్వడార్ పరిస్థితుల గురించి గాని, అంతర్జాతీయ శరణార్థి చట్టము గురించి గాని, తమ మత విశ్వాసాల గురించి గాని జ్యూరీ ఎదుట వాదించడానికి వీలులేదని న్యాయమూర్తి ఆంక్ష విధించాడు. 1986 మే 1న ఫైఫ్‌తో సహా 8 మంది దోషులుగా నిర్ధారింపబడ్డారు. కార్బెట్ నిర్దోషిగా విడుదలయ్యాడు. దోషులకు జైలు శిక్ష పడలేదు. ప్రొబేషన్‌తో సరిపెట్టారు. ఇదే సమయములో చర్చిలు తామే ప్రభుత్వముపై వేసిన దావా 1991 జనవరిలో రాజీతో ముగిసింది. దాని ప్రకారము తిరస్కరింపబడిన ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా వాసుల దరఖాస్తులను కొత్త నిబంధనల కింద మరల విచారించడానికి ప్రభుత్వము అంగీకరించింది.

సోదర నగరాలు

తెలుగువారికి జంట నగరాలు అనగానే హైదరాబాదు, సికింద్రాబాదు స్ఫురిస్తాయి. ఇక్కడి అర్థము వేరు. వేర్వేరు దేశాలలోని రెండు ఊళ్ళు స్నేహ సంబంధము కలుపుకోవడాన్ని సోదర నగర బంధము అంటారు. సాధారణముగా ఇది మేయర్ల విందులతోను, విద్యార్థుల సందర్శనలతోను సరిపోతుంది. ఎల్ సాల్వడార్ విషయములో మాత్రము ఇది ప్రాణరక్షణ సాధనమైంది.

దేశపు ఉత్తర భాగములోని చలాతెనాంగో, కబానియాస్ ప్రాంతాలలో గెరిల్లాలకు ఆదరణ ఉండేది. ఆ పల్లెలను ఖాళీ చేయించడానికి సైన్యము బాంబుదాడులు జరిపి, పంటలు తగులబెట్టింది. వేలాది మంది హోండురాస్‌లోని మెసా గ్రాందే వంటి శరణార్థి శిబిరాలకు పోయారు. యుద్ధము ముగియకముందే తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళాలని వీరిలో అనేకులు నిశ్చయించుకున్నారు. స్వదేశములోనే నిర్వాసితులైన కుటుంబాలు 1986 జూన్‌లో శాన్ హోసే లాస్ ఫ్లోరెస్‌ను మరల నివాసయోగ్యము చేసుకున్నాయి. 1987 అక్టోబరులో మెసా గ్రాందే నుండి నాలుగు వేలకు పైగా ప్రజలు ఒకేసారి బయలుదేరి గ్వార్హిలా, సాంతా మార్తా తదితర గ్రామాలకు చేరారు. చాలా చోట్ల కూలిన గోడలు, పిచ్చిచెట్లు తప్ప ఏమీ మిగలలేదు. తిరిగి వచ్చినవారిని సైన్యము గెరిల్లాల మనుషులుగానే చూసింది. ఆహారము, మందులు, కట్టడపు సామగ్రి తీసుకొని పోనీయకుండా దారులలో ఆపేది.

విస్కాన్సిన్ రాష్ట్రములోని మాడిసన్ నగరము 1986లో చలాతెనాంగోలోని అర్కతావోను సోదర నగరముగా స్వీకరించింది. 1987లో కేంబ్రిడ్జి శాన్ హోసే లాస్ ఫ్లోరెస్‌తోను, తరువాత బర్క్లీ శాన్ ఆంతోనియో లోస్ రాంచోస్‌తోను, మెయిన్ రాష్ట్రములోని చిన్న పట్టణమైన బాంగర్ కరాస్కే అనే పల్లెతోను ఈ బంధము కలుపుకున్నాయి. ఈ సంఘాలన్నింటికి ఒక ఉమ్మడి వేదిక కూడా ఏర్పడింది. ఎల్ సాల్వడార్ వైపున నిర్వాసితుల సంస్థ అయిన క్రిప్‌దెస్ వీరికి భాగస్వామి.

వీరు చేసిన పనులు చూడడానికి చాలా చిన్నవి. పాత బట్టల అమ్మకము, భోజన విందు, సంగీత కచేరీ వంటి వాటితో డబ్బు పోగుచేసి బడికి, వైద్యశాలకు, మరమిల్లుకు పంపేవారు. ఏడాదికి ఒకటి రెండు సార్లు ప్రతినిధి బృందాలు వెళ్ళేవి. అనుమతి పత్రాలు లేవని సైనికులు వారిని తరచుగా వెనుకకు పంపేవారు. గ్రామములో ఎవరినైనా సైనికులు పట్టుకుపోయినట్లు వార్త అందితే టెలిఫోను గొలుసు మొదలయ్యేది. ఒకరు ఐదుగురికి, ఆ ఐదుగురు మరి ఐదుగురికి చెప్పగా, గంటల వ్యవధిలో బ్రిగేడు అధిపతికి, అమెరికా రాయబార కార్యాలయానికి, తమ కాంగ్రెసు సభ్యుడికి టెలిగ్రాములు, ఫోనులు వెళ్ళేవి. పట్టుబడిన మనిషి పేరు, ఊరు, పట్టుకుపోయిన తేదీ వాటిలో ఉండేవి. ఈ మనిషిని ఎవరో గమనిస్తున్నారని అధికారికి తెలియజేయడమే దీని ఉద్దేశము. అమెరికా సహాయముపై ఆధారపడిన సైన్యానికి, అమెరికాలోని ఒక నగరపాలక సంస్థ ముద్ర గల లేఖను పట్టించుకోకపోవడము అంత తేలిక కాదు. ఊరు పేరు లేని పల్లెకు పేరు రావడము ఒక కవచము అయ్యింది. అన్ని సందర్భాలలోను ఈ కవచము పని చేయలేదన్నది కూడా నిజము.

ఒక పేట, ఒక ప్రతినిధి

స్థానిక కృషి చట్టము దాకా ఎలా వెళ్ళగలదో తెలియడానికి బోస్టన్ నగరములోని జమైకా ప్లెయిన్ అనే పేట ఉదాహరణ మంచిది. ఆ పేటలో మధ్య అమెరికా విషయమై పని చేసే ఒక చిన్న సంఘము ఉండేది. 1980ల తొలి సంవత్సరాలలో ఆ సభ్యులు, తమ కాంగ్రెసు ప్రతినిధి జో మోక్లీ నియోజకవర్గ ప్రజలను కలుసుకునే సమయానికి వెళ్ళి, సాల్వడార్ శరణార్థులను మృత్యుముఖానికి తిరిగి పంపుతున్నారని చెప్పారు. మోక్లీ విదేశాంగ విషయాలలో ఆసక్తి ఉన్నవాడు కాదు. వీధి దీపాలు, పింఛనులు, ఉద్యోగాల వంటి స్థానిక సమస్యలే అతని రాజకీయము. కాని తన ఓటర్లు చెప్పిన మాటను విచారించమని తన సహాయకుడు జిమ్ మెక్‌గవర్న్‌ను నియోగించాడు.

1983 నుండి మోక్లీ, సెనేటులో డెనిస్ డికాన్సినీ, సాల్వడార్ వాసుల బహిష్కరణను తాత్కాలికముగా ఆపే బిల్లును ప్రవేశపెడుతూ వచ్చారు. బిల్లు ఏడేళ్ళు చట్టము కాలేదు. మోక్లీ సభా నియమాల సంఘానికి అధ్యక్షుడైన తరువాత 1990 నవంబరులో వలస చట్టములో భాగముగా ఆమోదము పొందింది. తాత్కాలిక రక్షిత హోదా అనే ఏర్పాటు ఈ చట్టముతోనే పుట్టింది. అందులో ఎల్ సాల్వడార్ వాసులను పేరు పెట్టి చేర్చారు. అటు తరువాత ఇతర దేశాల వారికి కూడా ఈ హోదా ఇచ్చారు.

1989 నవంబరు 16న శాన్ సాల్వడార్‌లోని మధ్య అమెరికా విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఆరుగురు జెస్యూట్ గురువులను, వారి వంటమనిషిని, ఆమె కుమార్తెను అట్లకాత్ల్ బెటాలియన్ సైనికులు కాల్చిచంపారు. ఈ హత్యలపై విచారణను పరిశీలించే కాంగ్రెసు బృందానికి మోక్లీ నాయకుడయ్యాడు. దర్యాప్తుకు సైన్యమే ఆటంకము కల్పిస్తున్నదని 1990 ఏప్రిల్ నాటి నివేదికలో బయటపెట్టాడు. ఆ సంవత్సరమే కాంగ్రెసు సైనిక సహాయములో సగము నిలిపివేసింది. సహాయానికి అంతము లేదనే సైన్యపు ధీమా ఇక్కడ సడలింది. శాంతి చర్చలు ముందుకు సాగడానికి ఇది ఒక్కటే కారణము కాదు. 1989 నవంబరు నాటి గెరిల్లా దాడి, ప్రచ్ఛన్న యుద్ధము ముగియడము, ఐక్యరాజ్య సమితి మధ్యవర్తిత్వము కూడా ఉన్నాయి.

ఇదే కాలములో కాఫీ బహిష్కరణ జరిగింది. ఎల్ సాల్వడార్ గింజలు వాడే ఫోల్జర్స్ కాఫీని కొనవద్దంటూ నటుడు ఎడ్ ఆస్నర్ గొంతుతో తయారైన ప్రకటనను 1990లో బోస్టన్‌లోని ఒక టెలివిజన్ కేంద్రము ప్రసారము చేసింది. దానితో అప్పటి ఫోల్జర్స్ యజమాని అయిన ప్రాక్టర్ అండ్ గాంబుల్ ఆ కేంద్రానికి తన ప్రకటనలు ఆపివేసింది.

నిఘా, విమర్శలు

సిస్పెస్ ఉగ్రవాదానికి సహాయము చేస్తున్నదనే అనుమానముతో ఎఫ్.బి.ఐ. 1983 నుండి 1985 వరకు దేశవ్యాప్తముగా దానిపై నిఘా పెట్టింది. సభలకు వచ్చినవారి కార్ల నెంబర్లు రాసుకున్నారు. సన్యాసినుల సంఘాల పేర్లు కూడా దస్త్రాలకెక్కాయి. నేరము ఒక్కటీ రుజువు కాలేదు. సమాచార చట్టము కింద ఈ దస్త్రాలు 1988 జనవరిలో బయటపడ్డాయి. ఎఫ్.బి.ఐ. డైరెక్టరు విలియమ్ సెషన్స్ పొరపాట్లు జరిగాయని అంగీకరించి, ఆరుగురు ఉద్యోగులపై చర్య తీసుకున్నాడు.

ఉద్యమముపై న్యాయమైన విమర్శలు కూడా ఉన్నాయి. కొన్ని సంఘాలు ఎఫ్.ఎం.ఎల్.ఎన్.కు మరీ సన్నిహితముగా ఉండి, గెరిల్లాలు మేయర్లను చంపడము వంటి చర్యలపై మౌనము వహించాయి. యుద్ధానంతరము ఐక్యరాజ్య సమితి నియమించిన సత్య కమిషన్ 1993 మార్చిలో ఇచ్చిన నివేదిక ప్రకారము, అందిన 22,000 పైచిలుకు ఫిర్యాదులలో సుమారు 85 శాతము ప్రభుత్వ బలగాలు, వాటి అనుబంధ దళాలపైనా, సుమారు 5 శాతము ఎఫ్.ఎం.ఎల్.ఎన్. పైనా వచ్చాయి. రెండు పక్షాలూ సమానమని చెప్పడము ఈ లెక్కలను బట్టి కుదరదు. అయినా ఆ 5 శాతములోనూ మనుషులే ఉన్నారు.

ఇతర దేశాలలో

పశ్చిమ జర్మనీలో తాజ్ అనే దినపత్రిక 1980 నవంబరులో "ఎల్ సాల్వడార్‌కు ఆయుధాలు" పేరిట విరాళాలు మొదలుపెట్టి, 1992 వరకు నలభై లక్షల మార్కులకు పైగా పోగుచేసింది. శాంతివాదులు, మత సంస్థలు దీనిని గట్టిగా వ్యతిరేకించాయి. అమెరికాలోని చర్చిలు, సోదర నగర సంఘాలు అనుసరించిన మార్గము దీనికి భిన్నము. ప్రభుత్వాల స్థాయిలో ఫ్రాన్స్, మెక్సికో 1981 ఆగస్టులో సాల్వడార్ ప్రతిపక్షాన్ని ప్రాతినిధ్య రాజకీయ శక్తిగా గుర్తించాయి.

శాంతి ఒప్పందము తరువాత

1992 జనవరి 16న మెక్సికోలోని చపుల్తెపెక్ కోటలో శాంతి ఒప్పందముపై సంతకాలు జరిగాయి. యుద్ధము ముగియగానే చాలా సంఘాలు మూతపడ్డాయి. విరాళాలు తగ్గాయి. పల్లెలతో నేరుగా బంధము ఉన్న సంఘాలే ఎక్కువగా నిలిచాయి. మాడిసన్, కేంబ్రిడ్జి సంఘాలు విద్యార్థి వేతనాలు, మంచినీటి పథకాలు వంటి వాటితో కొనసాగాయి.

సత్య కమిషన్ నివేదిక వెలువడిన కొద్ది రోజులకే చేసిన క్షమాభిక్ష చట్టాన్ని 2016 జూలైలో ఎల్ సాల్వడార్ సుప్రీంకోర్టు కొట్టివేసింది. జెస్యూట్ హత్యల కేసులో మాజీ కర్నల్ ఇనోసెంతే మోంతానోకు 2020లో స్పెయిన్ న్యాయస్థానము 133 సంవత్సరాల శిక్ష విధించింది. రొమేరోను 2018 అక్టోబరు 14న కథోలిక చర్చి పునీతుడిగా ప్రకటించింది.

2000ల నుండి ఈ గ్రామాల ముందున్న ప్రధాన సమస్య బంగారు గనులు. గనుల వ్యర్థాలతో లెంపా నది కలుషితమవుతుందని ప్రజలు ఆందోళన చేశారు. 2014లో శాన్ హోసే లాస్ ఫ్లోరెస్ ప్రజలు స్థానిక ఓటింగులో గనుల తవ్వకాన్ని దాదాపు ఏకగ్రీవముగా తిరస్కరించారు. 2017 మార్చిలో ఎల్ సాల్వడార్ లోహ గనులను పూర్తిగా నిషేధించింది. 2024 డిసెంబరులో శాసనసభ ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. అదే సంవత్సరము మే నెలలో దేశములోని 262 పురపాలికలను 44కు కుదించారు. దానితో అర్కతావో, శాన్ హోసే లాస్ ఫ్లోరెస్ సొంత మేయర్లను కోల్పోయి, పెద్ద పురపాలికలో జిల్లాలుగా మారాయి.